కొసరు లేని లెక్క

గోడ గడియారంలో నిమిషం పూర్తయ్యాక కూడా అసిరమ్మ నా మణికట్టు వదలలేదా, లేక నాకే అలా అనిపించిందా? మూడేళ్ళయింది. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తుంటి విరిగి శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెల్లాళ్ళు పడుకున్నప్పుడు ఆమెను చూశాను. నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణకు వచ్చినవాళ్ళలో మిగతా అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలు. అసిరమ్మకు ముప్పై ఎనిమిది. పదహారేళ్ళు నెత్తిన తట్టతో ఎచ్చెర్ల వీధుల్లో చేపలమ్మిన మనిషి. మంచాన పడ్డ అత్తగారిని రెండేళ్ళపాటు, ఒంటిమీద ఒక్క పుండు లేవకుండా చూసుకుంది. అది గమనించిన ఆశా కార్యకర్త, పదో తరగతి సర్టిఫికెట్ ఉందా అని అడిగింది. పెట్టె అడుగున ఉంది.

రోగిని ఒత్తిగిల్లించడంలో, పడుకున్న మనిషి కింద దుప్పటి మార్చడంలో ఆమెకు ఎవరూ సాటి రారు. చిక్కల్లా నాడి దగ్గరే. ఎప్పుడు చూసినా తక్కువ చెప్పేది. ట్యూటర్ దుర్గాభవానిగారికి ఎనభై నాలుగు వస్తే ఈమెకు ఎనభై. ఆవిడకు అరవై మూడైతే ఈమెకు అరవై. వార్డు పరీక్షలో అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే పేరు తీసేస్తారు.

"మళ్ళీ తట్టెత్తుకోడానికి నాకేటి సిగ్గు లేదు బాబూ," అంది ఒక మధ్యాహ్నం నా చెయ్యి అందుకుంటూ. "మా పిల్ల బడిలో అందరికీ సెప్పేసింది, మాయమ్మ నర్సని. దానికేటి సెప్పాలి?"

పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. ఒకటి అనదు, కొలతలవాళ్ళలాగా లాభం అంటుంది. లాభం, రెండు, మూడు... ఇరవై. అక్కడ పెదవులు ఆగాయి. ఖాళీగా ఉన్న చెయ్యి ఏదో వేసినట్టు చిన్నగా కదిలింది. ఆ తర్వాతే ఇరవై ఒకటి. నలభై దగ్గరా అంతే. మంచంలో ఉన్నవాడికి చూడడం తప్ప పనేముంది.

"ఇరవై అయ్యాక ఒక దెబ్బ వదిలేస్తున్నావమ్మా," అన్నాను.

"ఏటి?"

"ఇరవైకీ ఇరవై ఒకటికీ మధ్య ఒకటి కొట్టింది. నువ్వు లెక్కలో వెయ్యలేదు."

తన చేతిని తనే చూసుకుంది. కాసేపటికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "ఓలమ్మ. కొసరు బాబూ. సేపలు ఇరవై కవళ్ళకి, అదే ఇరవై జతలకి, ఒకటి ఊరికే ఏస్తాం. నీ గుండెకీ కొసరేసేస్తన్నాను."

పరీక్షకు మిగిలిన నాలుగు రోజులూ వార్డులో ఆమె పట్టుకోని చెయ్యి లేదు. పక్క మంచం దాలయ్య ఆమె ఊరివాడే. లెక్క తప్పించాలని కావాలనే మాట్లాడేవాడు.

"ఒసే అసిరీ, నా సెయ్యి అరిగిపోతాది. పోనీ ఒకటి తగ్గించి సెప్పు."

"నోర్ముయ్ మావా. యాభై మూడు. ఇకనుంచి కొసరు లేదు, బేరం లేదు. యాభై ఆరు," అనేది, మాట్లాడుతున్నంతసేపు కొట్టినవీ లెక్కలో వేసుకుని.

పరీక్షకు విజయనగరం నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. అసిరమ్మకు వచ్చిన రోగి దాలయ్యే. పెద్దమనిషి అతని కుడి చెయ్యి, ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నారు. ఆయన అర నిమిషం చూసి, రెట్టింపు చేసి, డెబ్బై ఆరని రాసుకున్నారు. ఆమె నిమిషం నిండేదాకా కదల్లేదు.

"ఎనభై ఒకటి సార్."

దుర్గాభవానిగారి ముఖం వాడిపోయింది. ఆయన కలం ఎత్తారు.

"ఆగండి సార్," అంది అసిరమ్మ. వీధిలో కేకేసి అలవాటైన ఆ గొంతుకు వార్డంతా ఇటు తిరిగింది. "నిండా నిమిషం సూడండి. మావ నాడి ఒక్క తీరుగా లేదు. ఆగి ఆగి కొడతన్నాది, మళ్ళీ జోరందుకుంటన్నాది."

ఆయన ఆమెవైపు ఒకసారి చూసి, వాచీ విప్పి మంచం మీద పెట్టారు. ఇద్దరూ మళ్ళీ చేతులు పట్టుకున్నారు. దాలయ్య బేరం మాని ఆ వాచీనే చూస్తూ పడుకున్నాడు. నిమిషం అయ్యాక, ముందు నువ్వు చెప్పమన్నారాయన.

"ఎనభై రెండు."

"ఎనభై రెండే," అన్నారు. రాసింది కొట్టేసి, "నేను నిమిషం చూడవలసింది," అని దుర్గాభవానిగారితో అని, సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే దాలయ్యకు ఇసిజి తీసి, గుండెకు మందులు మొదలెట్టారు.

"సూసేరా బాబూ," అన్నాడతను నాతో, ఆ లెక్క తన గొప్పే అన్నట్టు. "మా ఊరి మనిషి."

ఆమెకు శృంగవరపుకోటలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నాలుగు గంటల బస్సుకు ప్రయాణమని నాకు తెలుసు. మూడింటికి తెల్లకోటుతో నా మంచం దగ్గరకు వచ్చింది. చెయ్యి అందుకుని గడియారం వైపు చూసింది. ఈసారి పెదవులు కదలలేదు. సెకన్ల ముల్లు పన్నెండు దాటింది. ఆమె వేళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది, ఒక దెబ్బపాటు, అంతకన్నా ఎక్కువేమో.

ఏదో చెబుతుందనుకున్నాను. డెబ్బై నాలుగని చార్టులో వేసి, మంచానికి తగిలించి, దాలయ్య నాడీ చూసి, బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాటింది.