ఫైనల్ లెసన్ నాడు మా మేడమ్

మా మేడమ్ పోయిందని మొన్న ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది నాతోపాటు ట్రైనింగ్ అయిన స్నేహితురాలు. "చిక్కడపల్లిల ఇంటికాడనే ఉంచిన్రు. పొద్దెక్కకముందే తీస్కపోతరంట, జల్ది రా," అంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు నేను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు జవాబు చెప్పకుండా ఎట్లా పోతుంది ఈమె అనుకున్నాను. చచ్చినవాళ్ల కళ్లు చారెడు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పోగానే అందరూ దేవతలైపోతారు. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష మాట్లాడే డిగ్రీ వాళ్లను బడి టీచర్లుగా తయారుచేయడానికి యూనివర్సిటీ వాళ్లు నారాయణగూడలో ఒక కోర్సు పెట్టారు. అప్పుడు నేను అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. చదువుతున్నానని ఇంట్లో వాళ్లు అనుకుంటున్నారు, అంతే. గోడ మీద పోస్టర్ చూసి ఇంటర్వ్యూకు వెళ్లాను.

"ఇంట్ల ఏం మాట్లాడతరు?" అని మేడమ్ అడిగింది.

"తెలుగే మేడమ్," అన్నాను. తండా పిల్లనని తెలిస్తే జనం చూసే చూపు నాకు తెలుసు మరి. బయటికొచ్చి వరండాలో అమ్మతో ఫోన్లో లంబాడీలో మాట్లాడుతుంటే వెనకాలే వచ్చి నిలబడింది. "గింత మంచి భాష పెట్టుకొని ఎందుకు దాస్తవ్ బిడ్డా? గా భాషకే నీకు సీటిస్తున్న," అంది. చదువుకున్నవాళ్లలో నా భాషను మంచిదన్న మొదటి మనిషి ఆమె. ఆ మాట ఈనాటికీ నాకు తీపే, ఏం చేయను!

మేడమ్ పాఠం చెప్పడం తక్కువ, మాతో చెప్పించడమే ఎక్కువ. మేము బోర్డు దగ్గర నిలబడితే తను చెప్పులు విడిచి, వెనక బెంచీలో కాళ్లు ముడుచుకుని, మొద్దు పిల్ల వేషం వేసేది. తెలుగు ముక్క రానట్టు, అర్థం కావట్లేదని ఉర్దూలో "మేరేకు సమజ్ నై ఆరా టీచర్" అంటూ ముక్కు ఎగబీల్చేది. మేము నవ్వితే చాక్‌పీసు విసిరేది. నా ఉర్దూ అంతంతమాత్రం, నాకు చెమటలు పట్టేవి.

"పరేషాన్ అయితున్నవా? తండాల నుంచి వచ్చిన పిల్ల నీ తెలుగు ముంగట గిట్లనే పరేషాన్ అయితది. యాదుంచుకో," అనేది. ఇంకో మాట ఎప్పుడూ ఆమె నోట్లోనే ఉండేది. "పిల్ల ఏ భాషల ఏడుస్తదో గా భాషల ఊకోబెట్టు. పాఠం తర్వాత చెప్దువు."

బంద్‌లతో క్లాసులు జరగని రోజుల్లో మమ్మల్ని ఇంటికే పిలిచేది. సందు చివర వేడి వేడి మిర్చీలు తెప్పించి, తనకు గ్యాస్ అని ఒట్టేసి, మా ప్లేట్లలోంచి తీసుకుని తినేది. అట్లాంటి మనిషిని ఎవరు నమ్మరు చెప్పండి?

ట్రైనింగ్ చివర, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు నిజమైన బడిలో పాఠం చెప్పాలి. దాన్నే ఫైనల్ లెసన్ అంటారు. అది పోతే ఏడాది పోయినట్టే. నాకు వచ్చిన క్లాసులో సగంమంది కూలిపనికి వలసొచ్చిన తండా వాళ్ల పిల్లలు. ముందురోజు సాయంత్రం భయమేసి అడిగాను.

"మేడమ్, రేపు గూడ మా భాష కలపాల్నా? బయటి సార్ ఏమన్న అంటే?"

"నేనుంట గదా ఎనుక. నువ్వు చెప్పు," అంది.

నేను భిన్నాలు చెప్పాను. రొట్టె తెచ్చి సగం చేసి చూపించాను. తండా పిల్లల్ని లంబాడీలో అడిగాను. అప్పటిదాకా నోరు విప్పని ఒక పాప లేచి, సగంలో సగం ఎట్లా వస్తుందో గడగడా చెప్పేసింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అబ్బ, ఆ సంతోషం ఎంతసేపు!

పరీక్షకుడు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఇది తెలుగు మీడియం బడా, తండానా? గిట్ల చెప్పుమని ఎవరు నేర్పిన్రమ్మా నీకు?"

నేను మేడమ్ వైపు చూశాను. ఆమె లేచి నిలబడింది. "మేము నేర్పలేదు సార్. ఆ అమ్మాయి సొంత తెలివి," అంది.

మెట్ల దగ్గర ఆపి అడిగాను. "గట్లెట్ల అన్నరు మేడమ్?"

"ఆయన రాసే రిపోర్టు మీదనే మన కోర్సు ఉండుడో పోవుడో. కోర్సు నిలవాలె బిడ్డా. నువ్వొక్కదానివి జర ఓర్సుకో."

"నన్నడిగి చేసిన్రా?"

కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ దిగిపోయింది.

కోర్సు నిలిచింది. నేను ఫెయిలయ్యాను. ఆ ఏడు టీచరు పోస్టులు పడితే చూస్తూ కూర్చున్నాను. మరుసటేడు అదే పాఠం తెలుగులో చిలకలా అప్పజెప్పి పాసయ్యాను. ఇప్పుడు సర్కారు బడిలో ఆమె నేర్పినట్టే చెబుతున్నాను, పిల్లలు హాయిగా నేర్చుకుంటున్నారు. పని నేర్పింది ఆమే, నట్టేట ముంచిందీ ఆమే. ఉద్యోగం వచ్చినా చెప్పలేదు. కవాడిగూడ వెళ్లాల్సి వచ్చినా మేడమ్ ఇంటి సందు తప్పించుకుని తిరిగాను. నాకు ఒక్కటే కావాలి. "నేనే నేర్పిన" అని ఆమె తన నోటితో అనాలి. ఎప్పుడో ఒకప్పుడు అంటుందనే అనుకున్నాను.

చిక్కడపల్లిలో ఇంటిముందు శామియానా వేశారు. కుర్చీల నిండా ఆమె దగ్గర నేర్చుకున్న టీచర్లే. నా పక్కనున్నామె నా తర్వాత కొన్నేళ్లకు చేరిన బ్యాచ్ అట, నేనెవరో తెలియదు. ముక్కు తుడుచుకుంటూ చెప్పింది.

"మేడమ్ మాకు మస్తు జాగ్రత్తలు చెప్పేది అక్కా. ఫైనల్ లెసన్ల ఇంటి భాష తీయకున్రి, నౌకరి వచ్చినంక మీ ఇష్టం అనేది. మాకన్న ముందు ఒక పిల్ల ఏడాది పోగొట్టుకుందంట. ప్రతి బ్యాచ్‌కు గా పిల్ల సంగతి చెప్పేది."

"ఎందుకు పోగొట్టుకుందంట?"

"మేడమ్ వద్దన్నా ఇనలేదంట అక్కా."

కూర్చోలేకపోయాను. లేచి లోపలికి వెళ్లాను. హాల్లో చాప మీద పడుకోబెట్టారు. "కాళ్లు మొక్కు బిడ్డా," అని ఎవరో ముసలమ్మ అంది. మొక్కాను. అప్పుడొచ్చింది ఏడుపు. తల దగ్గరికి జరిగి ముఖం చూశాను. నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా తెల్లగుడ్డ చుట్టి, గట్టిగా ముడివేశారు.