ఎడమచేత్తో తీసిన గీత

ఆ రోజు తప్పు నాది. అది ముందే ఒప్పుకుంటేనే మిగతాది చెప్పే అర్హత నాకు ఉంటుంది. ఒక ఇల్లాలు నమ్మి చేతికిచ్చిన వస్తువును, నా కంటికి ఆనలేదని పాడుచేశాను. అడగకుండా చేశాను.

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పుడు నమ్ముతున్నావా అంటే, ఔనని అనలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

నాకొక పిచ్చి ఉంది. బల్ల మీద పాచికలు వేస్తూ ఆడే యుద్ధాల ఆట ఒకటుంది. దాంట్లో సిపాయిలు బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు. అవి విడి ముక్కలుగా, ఒక ప్లాస్టిక్ చట్రానికి అతుక్కొని వస్తాయి. కట్టర్‌తో కత్తిరించి తీయాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ చుట్టూ సన్నటి గీత మిగులుతుంది. దాన్ని కత్తి వెనకవైపుతో గీకేయాలి. సబ్బునీళ్ళలో కడిగి, ఆరబెట్టి, అతికించి, ప్రైమర్ కొట్టాలి. అప్పుడే రంగు నిలుస్తుంది. రంగు కింద ఆ గీత కనబడితే ఈ ఆట ఆడేవాళ్ళకు అన్నంలో రాయి తగిలినట్టే.

ఆదివారాలు సైనిక్‌పురిలో ఒక మిత్రుడి ఇంట్లో పదిమందిమి చేరి ఆడేవాళ్ళం. నా బొమ్మల మీద గీత వెతికినా దొరకదని అక్కడ నాకు పేరు. ఆ పేరంటే నాకు ప్రాణం. తప్పంతా అక్కడే మొదలైంది.

ఈ పని నేర్పింది ఖాదర్ భాయ్. సికింద్రాబాద్‌లో ఆయనకు గడియారాల రిపేరు దుకాణం ఉండేది. ఎడమచేతివాటం మనిషి. కంటికి అద్దం బిగించుకొని బొమ్మను మూడుసార్లు గీకేవారు, ఉఫ్ అని ఊదేవారు, పొట్టు రాలేలా బల్లకు టక్కున కొట్టేవారు. గంటలకొద్దీ అదే వరస. నేను మరీ నున్నగా గీకుతుంటే నవ్వేవారు.

"గీత తియ్యమన్న గానీ తమ్మీ, సిపాయి తోలు తియ్యమన్ననా?"

పని చెడగొట్టి లేచి పోబోతే మాత్రం నవ్వేవారు కాదు. దుకాణం షట్టర్ సగం దాకా దించి, "సక్కగ చేసినంక పో" అనేవారు.

తర్వాత ఆయనకు చేతులు వణికే జబ్బు వచ్చింది. గడియారాలు బాగుచేసే మనిషికి అంతకన్నా ఏం కావాలి? దుకాణం మూసేశారు. బొమ్మలకు రంగులు వేయడం మాత్రం మానలేదు. నేను వెళ్ళడం తగ్గించాను. ఆ వణుకు చూడలేకపోతున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిజానికి అది విసుగు. ఒక వానాకాలంలో ఆయన పోయారు.

కొన్ని నెలలకు ఆయన భార్య రజియా భాభీ నన్ను పిలిచి ఒక రేకు డబ్బా చేతికిచ్చారు. అందులో ఖాదర్ భాయ్ జబ్బు వచ్చాక రంగు వేసిన సిపాయిలు ఇరవై, చట్రం నుంచి ఇంకా తీయనివి పన్నెండు.

"ఈ పన్నెండు సాఫ్ చేసి తయారు చేసియ్యి భయ్యా. రంగు నేనే ఏస్త. ఆయన ఏసినయి ముంగట పెట్టుకొని చూసుకుంట ఏస్త. పల్టన్ పూరా కావాలె గద."

"మీకొచ్చా భాభీ రంగులేయడం?"

"ముప్పై ఏండ్లు పక్కన కూసొని చూసిన. రాకుంటె నేర్చుకుంట. నీకేం తక్లీఫ్?"

కొత్తవాటిని పాతవాటి ఎత్తుకు సరిపోయేలా నిలబెట్టాలి కాబట్టి ఆ ఇరవై కూడా నాతో పంపారు.

మా మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల గది ఒకటుంది. నా పనంతా అక్కడే. ఒక మే నెల మధ్యాహ్నం, మా ఆవిడ సుజాత మోండా మార్కెట్‌కు వెళ్ళాక, డబ్బా తెరిచి ఇరవై మందినీ బల్ల మీద వరసగా నిలబెట్టాను. ముఖాల మీద రంగు గడ్డం దాకా పారింది. గుండీలు గుండీల చోట లేవు. రంగు కింద అచ్చు గీతలు తల నుంచి కాలి దాకా అలాగే ఉన్నాయి.

నేను ఓర్చుకోలేకపోయాను. రంగంతా వదిలించి, గీతలు తీసి, నేనే మళ్ళీ అందంగా వేసిస్తే భాభీ సంతోషిస్తారనుకున్నాను. ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు. ఫోన్ కింద చార్జింగ్‌లో ఉంది. దిగి వెళ్ళాలనిపించలేదు. తొట్టిలో రంగు వదిలించే లిక్విడ్ పోసి ఇరవై మందినీ ముంచేశాను.

చేతులు కడుక్కుందామని లేచి తలుపు లాగాను. రాలేదు.

దుమ్ము రాకుండా తలుపు దగ్గరికి వేసింది నేనే. కానీ బయట గొళ్ళెం పడినట్టుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన గొళ్ళెం అది. ఒక చేత్తో తలుపు పైకెత్తి పట్టుకుంటే గానీ రెండో చేత్తో జరగదు. గాలికి పడేది కాదు. పైగా ఆ రోజు ఆకు కదిలేంత గాలి కూడా లేదు. మేడ మెట్లకు ఇనప గేటు ఉంది, నేను వస్తూ తాళం వేశాను. తాళంచెవులు రెండే. ఒకటి నా జేబులో ఉంది. రెండోది సుజాత దగ్గర.

అరిచాను. చుట్టుపక్కల కూలర్ల మోతలో నా గొంతు నాకే సరిగా వినబడలేదు. గోడకు జానెడు వెంటిలేటర్, దానికి ఊచలు. తలుపును భుజంతో గుద్దాను, కాలితో తన్నాను. కాసేపటికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రేకుల వేడి నెత్తి మీదే కూర్చున్నట్టుంది. లిక్విడ్ వాసనకు కళ్ళు మండుతున్నాయి.

తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాను. అప్పుడు వినబడింది, వెనక బల్ల దగ్గర.

మూడు గీకుళ్ళు. ఒక ఊదు. టక్కు.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ తలుపు వైపు తిరగగానే మొదలైంది. అదే వరస, అదే తీరిక. ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. చూసినప్పుడు ఆగేది, చూపు తిప్పితే సాగేది. చివరికి తిరగడం మానేసి, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూలబడ్డాను. కళ్ళు మూసుకుంటే ఆ చప్పుడు వింటూ కూర్చోవాలి. తెరిస్తే తొట్టి కనబడుతుంది. లిక్విడ్ ఎర్రగా, మురికిగా మారుతోంది.

అప్పుడు తట్టింది, నేను తలుపు గురించే ఆలోచిస్తున్నానని. అంతసేపూ ఆ ఇరవై మందీ తొట్టిలోనే ఉన్నారు.

పాకుతూ వెళ్ళి మొదటి సిపాయిని బయటికి తీశాను. ఆ తర్వాత చప్పుడు మళ్ళీ వినలేదు. ఒక్కొక్కరినీ తీసి నా బనియన్‌తో తుడిచాను. రంగు మీగడలా ఊడి గుడ్డకు వచ్చేసింది. పంతొమ్మిది మంది బోడి ప్లాస్టిక్ అయిపోయారు. జెండా మోసేవాడి చెయ్యి పైకెత్తి ఉండటంతో ఆ చెయ్యీ జెండా మాత్రం లిక్విడ్‌లో మునగలేదు. వాటి మీద రంగు మిగిలింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఎప్పటికో సుజాత వచ్చి తీసింది.

"ఏందండీ, గిట్ల తడిసిపోయిన్రు? బయట గొళ్ళెం ఎవరేసిన్రు?"

"నువ్వు కాదా?"

"నేనిప్పుడే గద వస్తున్న! గేటు తాళం సుత నేనే తీసిన. గొళ్ళెం రెండు చేతుల గుంజితె గానీ రాలె."

సాయంత్రం బల్ల సర్దుతుంటే చూశాను. నేను ముట్టని ఆ పన్నెండింటిలో ఒక సిపాయి మొండెం చట్రం నుంచి తెగి ఉంది. దాని గీత తీసేసి ఉంది. పక్కనే చిటికెడు ప్లాస్టిక్ పొట్టు. కత్తి గీకిన సన్నని జాడలు నావి ఎప్పుడూ ఒకవైపు వాలుతాయి, కుడిచేతివాణ్ణి కాబట్టి. దాని మీద జాడలు ఎదురు వైపు వాలి ఉన్నాయి.

వేడికీ వాసనకూ తల తిరిగి నేనే చేసి మరిచిపోయానేమో. చప్పుడు కూడా నా భ్రమే కావచ్చు. ఎడమచేత్తో ఎందుకు గీకుతానో తెలియదు. గొళ్ళెం సంగతి అసలే తెలియదు.

భాభీ దగ్గరికి వెళ్ళడానికి వారం పట్టింది. అది నా పిరికితనం. ఆ వారంలో మిగతా పదకొండు మందినీ సాఫ్ చేసి, పన్నెండు మందికీ చేతులు అతికించాను. అబద్ధాలు కూడా రెండు మూడు తయారుచేసుకున్నాను. తీరా ఎదురుగా కూర్చున్నాక ఒక్కటీ చెప్పలేదు. బాగాలేవనుకొని నేనే రంగు తీసేశానన్నాను.

ఆమె బోడి సిపాయిలను ఒళ్ళో పోసుకొని కూర్చున్నారు.

"బాగలేవని నాకెరుక లేదనుకున్నవా భయ్యా? ఆ వణుకుడు సుత ఆయనదే గద."

తర్వాత కొత్తవాటిని ఒక్కొక్కటి గోటితో తడిమి చూశారు. ఒకదాని దగ్గర ఆగిపోయారు.

"ఇది నీ చెయ్యి కాదు. ఆయనది. నేనిచ్చినప్పుడు అన్నీ చట్రంలనే ఉండె గద?"

గది సంగతి అప్పటిదాకా నేను చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకొని అన్నారు.

"షట్టర్ దించిండన్నట్టు."

ఆ తర్వాతి ఆదివారం సైనిక్‌పురి వెళ్ళి నేను చేసింది అందరికీ చెప్పాను. అక్కడికి వెళ్ళడం మానేశాను. మేడ గది గొళ్ళెం ఊడదీశాను. ఇప్పుడు ఆదివారాలు భాభీ ఇంట్లో కూర్చుంటున్నాను. జెండా మోసేవాడి చెయ్యి చూసుకుంటూ ఆమె రంగులు వేస్తారు. నేను నీళ్ళు మారుస్తాను, కుంచెలు కడుగుతాను. పాత ఇరవై మంది మీద అచ్చు గీతలు అలాగే ఉన్నాయి. ఆమె తీయమనలేదు, నేను తీయలేదు.

ఎడమచేత్తో గీకిన ఆ ఒక్కడికి ఆమె ఇంకా రంగు వేయలేదు. ఎప్పుడు వేస్తారని నేను అడగను.