కేథడ్రల్ నేల మీద మా చాపలు

శనివారాలు నేను ఒంటారియోలో మేముండే ఊళ్ళోని ఒక పాత కేథడ్రల్‌లో గైడుని. జీతం లేదు, మెడలో బ్యాడ్జి ఉంటుంది. మిగతా రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే వేరేవాళ్ళు కట్టినదాంట్లో తప్పులు వెతుకుతాను. గైడుగా కూడా ఇంచుమించు అదే పని.

లోపలికి రాగానే అందరూ తలెత్తి చూస్తారు. కోసుగా పైకి లేచిన కమానులు, స్తంభాల నుంచి విచ్చుకుని కప్పుని మోస్తున్నట్టు కనబడే పక్కటెముకల్లాంటి బద్దెలు. మధ్యయుగాల నాటి గోతిక్ కట్టడపు కిటుకంతా వాటిలోనే ఉంది. కప్పు బరువుని అవి స్తంభాలకీ, బయటి ఆనుగోడలకీ అప్పజెబుతాయి. గోడల మీద భారం తగ్గుతుంది కాబట్టి అంతంత పెద్ద రంగుటద్దాల కిటికీలకు చోటు దొరుకుతుంది. యూరప్‌లో సంగతి అది. మా దగ్గరి బద్దెలు చెక్క మీద సున్నం పూసి రాయిలా రంగు వేసినవి. అవి మోసేది తమ బరువు మాత్రమే, అదీ మేకుల సాయంతో. బయట ఆనుగోడలు ఏ భారమూ లేకుండా దర్జాగా నిలబడి ఉంటాయి. మధ్యయుగాల నాటిదిలా కనబడాలని విక్టోరియా రాణి కాలంలో కట్టిన భవనం ఇది. దాని మీద నాకు కోపం లేదు. దాన్ని చూసుకునే కమిటీ మీద ఉంది.

కేథడ్రల్‌లో ఒక పక్కగా చాపెల్, అంటే చిన్న ప్రార్థన గది ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు అందులో మా తెలుగు సంఘం ఆరాధన జరుగుతుంది. ఎక్కువమందిమి కోస్తా వాళ్ళం. బూట్లు కేథడ్రల్ వాకిట్లోనే విడిచి, చాపెల్‌లో కుర్చీలు పక్కకు జరిపి, చాపలు పరిచి కూర్చుంటాం. బందరులో అలాగే కూర్చున్నాం, ఇక్కడ మైనస్ పదిహేనులోనూ అలాగే కూర్చుంటాం, రెండేసి సాక్సులతో.

జనవరిలో కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. చాపెల్ దగ్గర నేల మీద తెల్ల మరకలు కనబడుతున్నాయట. మా చాపల కింద తేమ చేరడమే కారణమని వాళ్ళ అభిప్రాయమట. వాకిట్లో బూట్ల గుట్ట ప్రమాదకరమట. పైగా నేల మీద కూర్చోవడం ‘భవనపు వారసత్వ స్వభావానికి తగినది కాదు’. వచ్చే నెల నుంచి బూట్లతోనే వచ్చి కుర్చీల్లో కూర్చోవాలి, లేదా వేరే చోటు చూసుకోవాలి.

దాన్ని సంఘానికి తెలుగులో చెప్పే పని నాకు పడింది. వారసత్వ స్వభావం దగ్గరకొచ్చేసరికి నా గొంతు లేచింది. ఎందుకంటే అసలు సిసలు గోతిక్ కేథడ్రళ్ళలో మొదట్లో బెంచీలే లేవు. జనం నిలబడేవారు, ఓపిక లేనివాళ్ళు నేల మీద చతికిలబడేవారు. ఆ లెక్కన ఈ భవనం మొత్తంలో నిఖార్సైన గోతిక్ అంటూ ఉంటే, అది చాప మీద కూర్చున్న మా అమ్మ ఒక్కతే.

సంఘ పెద్ద అంకుల్ గొంతు సవరించుకున్నారు. “పోన్లే అమ్మా, అడ్జస్ట్ అవుదాం. ఇంత మంచి చోటు మళ్ళీ ఎక్కడ దొరుకుద్ది?”

“మీరు అవ్వండి అన్నయ్యగారూ,” అంది అమ్మ. “నేను మాత్రం బూట్లేసుకుని ప్రార్థనకి రాను.”

“మరి?”

“వాకిట్లో కూర్చుంటా. దేవుడికి అక్కణ్ణుంచి కూడా వినపడుద్ది.”

బెదిరింపు అనుకున్నాం. ఫిబ్రవరి మొదటి ఆదివారం నిజంగానే రాతి వాకిట్లో బెంచీ మీద కూర్చుంది. బూట్లు విడిచి పక్కన పెట్టింది. ముసుగు మీద టోపీ, టోపీ మీద నా స్కార్ఫు. వారంలో ఆరు రోజులు వృద్ధుల హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే మనిషి. ఏడో రోజు ఆ రెండు గంటలే ఆమెవి. ఎవరైనా తలుపు తెరిచినప్పుడల్లా లోపలి పాట ఒక ముక్క బయటకొచ్చేది. అమ్మ దాన్ని అందుకునేది. తలుపు మూసుకోగానే ఆగిపోయేది. నాకు దేని మీదైనా జోకు తడుతుంది. ఆ రోజు తట్టలేదు.

తర్వాతి శనివారం, డ్యూటీ దిగిన అమ్మని వెంటబెట్టుకుని కమిటీ అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళాను. మరకలు చూపించమన్నాను. ఆవిడ చాపెల్ గుమ్మం ముందు పలకల మీద తెల్లటి పొడి చూపించారు. అమ్మ ఒంగి, వేలితో అద్ది, నాలిక మీద పెట్టుకుంది.

అధ్యక్షురాలు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ నేల మీద బిషప్పులు నడిచి ఉంటారు, గవర్నర్లు నడిచి ఉంటారు. రుచి చూసినవాళ్ళు మాత్రం అంతవరకూ లేరనుకుంటాను.

“ఉప్పు,” అంది అమ్మ. “చౌడెక్కిందే ఈ నేల. బందర్లో మన చర్చి గోడలకి పట్టేది చూడు, సముద్రపు గాలికి, అదే. వీళ్ళకి సముద్రం లేదు, రోడ్ల మీద చల్లే ఉప్పుంది. మంచుతోపాటు బూట్లకంటించుకుని లోపలికి తెస్తన్నారు. నీళ్ళతో కిందకి దిగుద్ది, ఆరాక పైకొచ్చి పెచ్చులు లేపుద్ది. మన చాపలు పరిచే చోట చూడమను ఆవిడ్ని.”

చాపలు పరిచే చోట నేల శుభ్రంగా ఉంది. ఆదివారం ఉదయం ఆరాధనకు అందరూ బూట్లతో నడిచే మధ్య నడవలో పలకలు పెచ్చులూడి ఉన్నాయి. స్తంభాల మొదట్లో బియ్యప్పిండి చల్లినట్టుంది. అమ్మ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. నా సొంతంగా రెండు వాక్యాలు కలిపాను. అవి అంత మర్యాదగా లేవు.

“మీ అమ్మగారు రాతి కట్టడాల నిపుణురాలా?” అని అడిగారు ఆవిడ. నిపుణుల సలహా లేకుండా ఏమీ చెప్పలేమన్నారు.

నిపుణుడు వచ్చేలోగా అమ్మ మరో మూడు ఆదివారాలు వాకిట్లో కూర్చుంది. ఆయన తేమ కొలిచే పరికరమేదో తెచ్చి, మోకాళ్ళ మీద పాకి, చక్కగా బైండు చేసిన రిపోర్టు ఇచ్చాడు. ఉప్పు అని రాశాడు. నాలికతో తేల్చింది కాదు కాబట్టి నమ్మారు.

మార్చిలో రెండో ఉత్తరం వచ్చింది. తెలుగు సంఘం పాదరక్షలు విడవడానికీ, చాపలు పరవడానికీ ‘అనుమతి ఇవ్వడమైనది’. క్షమించమన్న మాట కోసం వెతికాను. వెతకడం నా వృత్తి. లేదు. మా బూట్లకి వాకిట్లో కొత్త స్టాండు పెట్టారు. ఉదయం వచ్చేవాళ్ళని మాత్రం బూట్లు తీయమని అడగరట, వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందట. గైడ్ల స్క్రిప్టులో ఒక వాక్యం చేరింది: నేలను కాపాడేందుకు కమిటీ ముందుచూపుతో చర్యలు తీసుకుంది. ఆ వాక్యం నేను చదవను. అక్కడికి రాగానే కప్పులోని మేకుల గురించి చెబుతాను.

ఆ ఆదివారం అమ్మ బూట్లు స్టాండులో పెట్టి లోపలికి నడిచింది. నడవ దగ్గర ఆగి, లేచిపోతున్న పలకల్ని చూసింది.

“ఇంత నేలా పాడైపోద్దే. పొద్దున వచ్చేవాళ్ళకి ఒక మాట చెప్పాలి.”

“చెప్పాంగా అమ్మా. రిపోర్టు కూడా ఇచ్చారు.”

“నువ్వు చెప్పుంటావు, కొట్లాటకెళ్ళినట్టు. ఈసారి నేను చెప్తా, నువ్వు ఇంగ్లీషులోకి మార్చు. అన్నది అన్నట్టు. నీ సొంతవి కలపమాక.”

నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళి చాప చివర కూర్చుంది. పాట మొదలైంది. మొదటి మాట నుంచి అందుకుంది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. శ్రుతిలో లేదు, అది వేరే విషయం.