మంట దగ్గర వంతు

కిందటేడు మిరపకాయలు ఇంటికి చేరే రోజుల్లో నా కుడికాలు విరిగింది. మార్కాపురంలో కంప్యూటర్ నేర్పే సెంటర్లో పని నాది. బండి మీద ఇంటికి వస్తూ బేస్తవారిపేట దాటాక ఇసుక మీద జారాను. ఆరు వారాలు సిమెంటు కట్టుతో మంచం మీదే ఉండాలన్నారు. అసలే నాకు ఓపిక తక్కువ. దానికి తోడు మిరప ఘాటుకు తుమ్ములు.

నాయన పొద్దున్నే గొర్లు తోలుకుని పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. వసారాలో మిరపకాయల కుప్ప ముందు అమ్మా, అక్కా తొడిమలు తీస్తూ కూర్చునేవాళ్లు. వాళ్ల పక్కనే నా మంచం, దాని మీద నేను, నా లాప్‌టాప్.

అక్క యర్రగొండపాలెంలోని అత్తగారింటి నుంచి ఒక్క సంచితో వచ్చేసి అప్పటికి నాలుగు నెలలు. ఎందుకు వచ్చిందో ఎవరమూ అడగలేదు. మావైపు పుట్టింటికొచ్చిన ఆడపిల్లను అలా అడగకూడదు. అడిగితే పొమ్మన్నట్టే. వచ్చిన రోజు అమ్మ "కాళ్లు కడుక్కోని రామ్మా, అన్నం తిందువు" అంది. అంతే. ఉగాది వెళ్లిన సోమవారం వచ్చి తీసుకుపోతామని బావ తరఫు పెద్దమనుషులు కబురు పెట్టారు. నాయన సరేనన్నాడు. అక్క ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ఇష్టమే అనుకున్నాం. మా తెలివి అంతమాత్రం.

ఇక లాప్‌టాప్‌లో నేను ఆడే ఆట సంగతి. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే ఆట. ముందు మన వీరుణ్ణి మనమే తయారు చేసుకోవాలి. ముక్కు, మీసం, జుట్టు, దవడ ఎముక దాకా అన్నీ మన ఇష్టం. నాకు ఒక పూటంతా పట్టింది. అమ్మ మెడ చాచి చూసి, "నీ మాదిరే చేసుకుంటివి గానీ, ఆ ముక్కు ఏందిరా? మన వంశంలో ఎవరికుంది?" అంది.

వీరుడి వెంట నలుగురు తోడు వస్తారు. గొడ్డలి పట్టిన ముసలాయన, ఒక విలుకాడు, ఒక మంత్రగత్తె, గాయాలు మాన్పే వైద్యురాలు. రెండు రోజుల్లో అమ్మ నలుగురికీ వరసలు కలిపేసింది. ముసలాయన మామ, విలుకాడు అల్లుడు, మంత్రగత్తె వదిన, వైద్యురాలు పాప. "మామను ముందర పెట్టరా, అల్లుడు చిన్నోడు" అని యుద్ధంలో సలహాలు కూడా మొదలుపెట్టింది. తొడిమలు తీసే చెయ్యి మాత్రం ఆగేది కాదు.

వైద్యురాలి బట్టలు తెల్లవి. అది అమ్మకు నచ్చలేదు. "పెండ్లి గాని పిల్లకు తెల్లబట్టలేందిరా, చూసేదానికే బాగలేదు." నా దగ్గర రంగు వేసుకునే అవకాశం ఒక్కటే ఉంది, నా కవచం కోసం దాచుకున్నాను. పోరు పడలేక పసుపు రంగు వేయబోయాను. అప్పుడు అక్క తల ఎత్తింది. "పసుపు వద్దురా, చిలకపచ్చ వెయ్యి. దాని రంగుకు బాగుంటది."

చిలకపచ్చే వేశాను. నాలుగు నెలల్లో అక్క నోరు తెరిచి ఏదైనా కావాలన్నది అదొక్కటే. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆటలో యుద్ధం అయ్యాక అడవిలో మంట వేసుకుని విశ్రాంతి తీసుకుంటారు. ఆ మంట దగ్గర నలుగురిలో ఒక్కరి పక్కన మాత్రమే కూర్చుని మాట్లాడొచ్చు. కూర్చునేకొద్దీ చనువు పెరుగుతుంది, వాళ్ల కథ బయటికొస్తుంది. నేను వరసగా మూడుసార్లు మంత్రగత్తె పక్కనే కూర్చున్నాను. ఆమె అందంగా ఉంది, దాచేదేముంది. అమ్మ ఊరుకోలేదు. "నలుగురిని వెంటేసుకోని ఒక్కదాని కాడే కూచుంటావా? పంక్తిభేదం మహాపాపం."

మా ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు గానీ, అమ్మ వడ్డనలో ఆ సామెత చెల్లదు. చిన్నప్పటి నుంచి అక్కకూ నాకూ నెయ్యి ఒక్కొక్క చెంచానే, చెంచా కూడా అదే. నేను జ్వరంతో లేచిన రోజైనా అంతే, అక్క బడిలో బహుమతి తెచ్చిన రోజైనా అంతే. పిల్లలిద్దరూ నాకొకటే అనేది. అందుకు నేను గర్వపడేవాణ్ణి కూడా.

సరే, బోరు నీళ్లకు వేసుకున్నట్టు నలుగురికీ వంతులు వేశాను. ఈసారి మామ, తర్వాత అల్లుడు, తర్వాత వదిన, ఆఖరున పాప. ఎవరి దగ్గరా చనువు పెద్దగా పెరగలేదు. అయినా అమ్మకు తృప్తిగా ఉంది.

ఉగాది వెళ్లింది. గురువారం మధ్యాహ్నం ఆటలో ఒక పెద్ద యుద్ధంలో వైద్యురాలి భుజానికి విషబాణం తగిలింది. మంట వేసుకున్నాం. ఆమె దూరంగా భుజం పట్టుకుని కూర్చుంది. "ఆ పిల్ల కాడికి పోరా" అంది అక్క. "దాని వంతు ఇంకా రాలా. ఈ పూట మామది" అంది అమ్మ. నేను మామ దగ్గరికే పోయాను. ఆయన తప్పిపోయిన తన గాడిద కథ చెప్పాడు.

మర్నాడు ఆట తెరిచేసరికి వైద్యురాలు లేదు. ఆమె పడుకునే చోట ఒక ఉత్తరం ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని వాళ్లిద్దరికీ తెలుగులో చదివి చెప్పాను: "నువ్వు నన్ను అందరితో సమానంగా చూశావు. అందులో తప్పు లేదు. కానీ నాకు దెబ్బ తగిలిన రోజు కూడా నా వంతు వచ్చేదాకా ఆగావు. నేను వెళ్తున్నాను."

నాకు ఒళ్లు మండింది. దాచుకున్న రంగు దానికే పోశానే, ఇదేం విశ్వాసమని తిట్టాను. అమ్మ కూడా "ఏం తక్కువ చేసినామంట?" అంది.

అక్క తొడిమ తీసిన కాయను గంపలో వేసింది. "ఆ పిల్ల నయం. ఎందుకు పోతుందో రాసిపెట్టి పోయింది" అంది.

ఇంకో కాయ తీసుకుంది. నేను లాప్‌టాప్ మూశాను. సోమవారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. సిగ్గేసింది. ఎవరో కల్పించిన నలుగురి కథల కోసం నెల రోజులు మంట చుట్టూ తిరిగాను, మంచం పక్కన కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

"అక్కా, అక్కడ ఏం జరిగింది?" అన్నాను.

అమ్మ నా వైపు కోపంగా చూసింది. అక్క మాత్రం ఆ మాట కోసమే కాచుకున్నట్టు వెంటనే చెప్పింది. "ఆయన నాతో మాట్లాడి రెండేండ్లయింది. ఉప్పు తక్కువైతే గోడకు చెప్తాడు. ఎందుకో నాకు తెలవదు. పోయినేడు జ్వరమొచ్చి పడిపోతే పక్కింటామె ఆటోలో ఆస్పత్రికి తీసకపోయింది. ఆయన ఇంట్లోనే ఉండాడు. లేచి గూడా రాలా."

ఏడవలేదు. మిరప ధర చెప్పినట్టు చెప్పింది. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ముందే చెప్పొచ్చు గదమ్మా" అంది.

"అడుగుతారేమోనని చూసినా."

"అడిగితే పొమ్మంటున్నామని అనుకుంటావని అడగలేదే నేను" అంది అమ్మ. కారం చేతులతో కళ్లు తుడుచుకోబోతే అక్కే ఆ చెయ్యి పట్టి ఆపింది.

పొద్దుగూకాక నాయనకు అమ్మే చెప్పింది. ఆయన కర్ర పట్టుకుని నిలబడే విన్నాడు. "అడగకుండా సరేనంటిని" అని మాత్రం అని, దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు.

సోమవారం ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. బావ రాలేదు. మొగుడూ పెండ్లాలన్నాక మాటా మాటా వస్తాయని, సర్దుకుపోవాలని మొదలుపెట్టారు. "ముందు అన్నం తినండి" అంది అమ్మ. మా ఇంట్లో వచ్చినవాళ్లూ మగవాళ్లూ తిన్నాకే ఆడవాళ్లు తింటారు. ఆ రోజు అమ్మ వాళ్ల బంతిలోనే, కట్టు కాలు చాపుకుని కూర్చున్న నా పక్కన ఇంకో పళ్లెం పెట్టి, అక్కను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. పెద్దమనుషులు మొహాలు చూసుకున్నారు. నాయన తల దించుకుని అన్నం కలుపుతున్నాడు.

"పిల్లను బయల్దేరమని చెప్పమ్మా, పొద్దు పోతుంది" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

అమ్మ నెయ్యి గిన్నె తెచ్చింది. "పిల్ల రాదు, అన్నా. మీరు నిదానంగా తినండి" అంటూ వరసగా వేసుకుంటూ వచ్చింది. వాళ్లకు తలా ఒక చెంచా. నాయనకు ఒక చెంచా. నాకు ఒక చెంచా. అక్క దగ్గర ఆగి ఒకటి వేసింది. ఇంకొకటి వేసింది.

"చాలమ్మా" అంది అక్క.

"తిను" అని అమ్మ మూడోది కూడా వేసింది.