మొక్కుకు ఇవ్వని జుట్టు

నా తల మీద జుట్టు మళ్లీ మొలుస్తోందని నాకు మొదట చెప్పింది మా మునెమ్మత్త. ఇప్పుడు నేనుండే తిరువళ్లూరు బజారులో ఎక్కడైనా ఆముదం వాసన తగిలితే చాలు, తిరుత్తణి దగ్గరి మా మగ్గాలిల్లు, అరుగు మీద నూలు కండెలు చుట్టడం ఆపి నా తలకు నూనె పెట్టే ఆమె వేళ్లు గుర్తొస్తాయి. ఆమె నాన్నకు అక్క. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. బడి ముఖం చూడని నాకు అక్షరాలు దిద్దించిందీ ఆమే. ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ చలవే.

పదమూడో ఏట తిరుత్తణి మురుగయ్యకని కృత్తికకు ఒక్కపొద్దు పట్టాను. తర్వాత మంగళవారాలు, ఆ తర్వాత శుక్రవారాలు. ఆషాఢంలో వచ్చే ఆడి నెల అంబలి, కార్తీక దీపాలనాటి బొరుగుల ఉండలు, నాన్నను కన్న మా అవ్వ చేసే బెల్లం పొంగలి, ఏది ముందుకొచ్చినా లోపల భయం పుట్టి కంచం పక్కకు తోసేదాన్ని. తోసిన కొద్దీ మెచ్చుకున్నారు. వీధిలో ఆడవాళ్లు నన్ను చూపించి తమ పిల్లలకు బుద్ధులు చెప్పారు. నా ఎముకలు తేలుతుంటే దానికి భక్తి అని పేరు పెట్టిన ఆ నోళ్లను తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

దువ్వెన నిండా, నీళ్లు పోసుకునే చోట జలదారి నిండా వెంట్రుకలే. సొమ్మసిల్లి పడితే తిరువళ్లూరుకు తీసుకెళ్లింది అత్తే. ఇది భక్తి కాదు, తిండికి భయపడే జబ్బు అంది డాక్టరమ్మ. అప్పట్నించి అత్త ఎదురుగా కూర్చుని, సంగటిని ఉసిరికాయంత ముద్దలు చేసి, చెనిక్కాయల పచ్చడిలో అద్ది, నేను ఏడ్చినా తిట్టినా తినిపించింది. తింటున్నా కొన్నాళ్లు జుట్టు రాలుతూనే ఉంది. "ఒక్కపొద్దు ఇడిస్తే సామికి కోపమొచ్చినాది" అని తేల్చేసిన అవ్వ, జుట్టు మళ్లీ వస్తే నాకు గుండు కొట్టిస్తానని మొక్కుకుంది.

ఒక మధ్యాహ్నం నూనె రాస్తూ అత్త ఆగిపోయింది. "ఒసే పాపా, మొలస్తా ఉండాదే! ముళ్ల మాదిరి గుచ్చతాండాది, సూడు!" తడిమి చూసుకుని, ఎన్నాళ్లకో నవ్వాను.

ఆ జుట్టు చెవులు దాటాక, ఆడి కృత్తికకు కావళ్లు మోసే భక్తుల గుంపులో నన్ను తిరుత్తణి కొండకు తీసుకెళ్లారు. గుండు కొట్టే చోట కూర్చోబెట్టి తల మీద నీళ్లు పోశారు. వద్దన్నాను. ఎవరూ వినలేదు.

"సామి ఇచ్చినాడు, సామికే ఇయ్యల్ల" అంది అవ్వ.

"సామి యాడమ్మా అడిగినాడు? మొక్కింది నువ్వు. నీ కొప్పు ఇయ్యి పో!" అంది అత్త. "సంగటి పెట్టి మొలిపించినాను. కత్తి పెట్టనిస్తానా?"

నన్ను చెయ్యి పట్టి లేపి, మెట్లు దింపి, బస్సెక్కించింది.

ఆ సాయంత్రం ఆమెను వాకిట్లోనే ఆపేశారు. సామి సొత్తు ఎత్తుకొచ్చినదానికి ఇంట్లో చోటు లేదన్నాడు నాన్న. కనకమ్మసత్రం అనే ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని, టిఫిన్ అంగడిలో పిండి రుబ్బుతూ బతికింది. నా పెళ్లికి ఆమెను పిలవనివ్వలేదు. పోయిన ఏడు ఆమె కన్నుమూస్తే, మావాళ్లు మైలకని తలకు నీళ్లు కూడా పోసుకోలేదు.

నేను పోసుకున్నాను. నడుం దాకా ఉన్న జుట్టు తడుపుకుని, మురుగయ్యా, నీ మీద నాకు కోపం లేదు, నా కంచం ముందు ఆమెను కూర్చోబెట్టింది నువ్వేనని దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడా అరుగు లేదు, మగ్గాలు పొయ్యిలోకి పోయాయి. అవ్వ పేరున మాత్రం ఏటా కొండ కింద అన్నదానం చేస్తారు. అత్త పేరు ఎత్తేవాళ్లు లేరు. చదివిన మీరైనా మా మునెమ్మత్తను గుర్తుపెట్టుకోండి.