పెదనాన్న గొంతు ఉన్న డిస్కు

విజయనగరంలో మా పెద్దమ్మ వయొలిన్ నేర్పుతుంది. చనిపోయిన పెదనాన్న పాడిన కీర్తనలన్నీ ఆమె పాత కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అది నత్తలా నడుస్తోందని నేను దానికి కొత్త కెర్నెల్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్, తయారుచేశాను. డిస్కు, తెర లాంటి భాగాలను పనిచేయించే డ్రైవర్లను కెర్నెల్‌లోనే కలిపెయ్యొచ్చు, లేదా మాడ్యూళ్లనే చిన్న ఫైళ్లుగా డిస్కులో విడిగా ఉంచొచ్చు. కెర్నెల్ తేలిగ్గా ఉంటుందని అన్నిటినీ విడిగానే ఉంచాను.

మళ్లీ ఆన్ చేస్తే, డిస్కు దొరకలేదని నల్లటి తెర మీద చూపించి ఆగిపోయింది.

"ఏటిరా, అలా బిగుసుకుపోనావు? మీ పెదనాన్న గొంతు ఉన్నాదా, పోనాదా?" అంటూ పెద్దమ్మ నా భుజం పట్టుకుంది.

"ఉండు పెద్దమ్మా, సూత్తన్నాను," అన్నాను.

కాసేపటికి తట్టింది. డిస్కును చదివే డ్రైవరు కూడా ఆ డిస్కులోనే ఉండిపోయింది. అది లేనిదే కెర్నెల్ డిస్కును తెరవలేదు. ఆ డ్రైవరు లోపలే కలిసి ఉన్న పాత కెర్నెల్ ఇంకా ఉంది గనక దానితో కంప్యూటర్‌ను ఆన్ చేశాను. పాటలు కనపడ్డాయి. ఆ ఒక్క డ్రైవరును లోపలే కలిపి కొత్త కెర్నెల్‌ను మళ్లీ తయారుచేశాను.

పెద్దమ్మ ఒక కీర్తన పెట్టించుకుని చివరిదాకా వింది. "ఇంక దీన్ని ముట్టకురా," అంది.

పాటలకు ఇంకో నకలు ఉండాలి గనక ముట్టక తప్పలేదు. పాటలన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోతుందేమోనని తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూనే ఉన్నాను.