నా తన్నును దాచిన శాస్త్రి గారు

పెద్దాపురపు భిషగ్వరులు, సౌజన్యమూర్తి సోమశేఖరశాస్త్రి గారు పరమపదించారన్న వార్త కాలువ పడవ దిగిన మనిషి చెప్పగా విన్నాను. చుట్ట చేతిలోనే ఆరిపోయింది. ఆ మహనీయునికి నాడీజ్ఞానం నేర్పినవాణ్ణి నేనేనని చాలామందితో అన్నాను. నేర్పలేదు. వారి అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగాను, అంతే.

నేను ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. అటువంటివాడు తంతే నడుము పట్టు వదులుతుందని మా సీమలో నమ్మకం. యానాం నుంచి పట్టిసీమ దాకా నా పాదం సోకని నడుము లేదనేవాణ్ణి. నిజానికి ముప్ఫై ఉంటాయేమో.

మేకల పోలయ్య నడుము నొప్పితో నా వద్దకు వచ్చాడు. "సాయంత్రమైతే జ్వరమండి. తెల్లారేసరికి చెమటలు పోసి దిగిపోద్ది. పదిరోజులు బాగుండి మళ్ళీ మొదలండి" అన్నాడు. జ్వరం నా పని కాదన్నాను. మూడు తన్నులు తన్నాను. మూడోదానికి వాడు లేవలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయన్నాడు.

మంచంమీద శాస్త్రి గారింటికి మోసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. వారు వెన్నులో ఒక్కొక్క పూసనే వేలి కణుపుతో తట్టుకుంటూ దిగారు. ఒకచోట పోలయ్య ఒళ్ళంతా బిగుసుకుంది.

"పాలు కాచి తాగుతావా?"

"పొదుగు దగ్గరే తాగుతానండి. వెచ్చగా ఉంటాయి గదండీ."

"మేకలు నెలలు నిండకుండా ఈసుకుపోయాయా?"

"నాలుగండి. నేనే తీసి పారేశాను. మా ఆడదానికీ ఇదే జ్వరమండి."

శాస్త్రి గారు నా చెవిదగ్గరకు వంగి, "ఇది పట్టు కాదోయ్. జ్వరం పూసలో దిగింది. పుచ్చిన పూసను తన్నావు" అన్నారు.

ఆరు నెలలు వాణ్ణి తమ ఇంట్లోనే బల్లమీద కదలనీయలేదు. అటూ ఇటూ ఇసుక మూటలు. పాలు మరగకాచి ఇమ్మన్నారు. "కషాయానికి ఈ జ్వరం లొంగుతుందో లేదో నాకూ తెలియదు. పూస అతికేదాకా కదలకూడదు" అనేవారు. జ్వరం తగ్గింది, పోలయ్య లేచాడు. ఎడమకాలు మాత్రం ఈడుస్తూనే ఉన్నాడు.

బల్లకు కట్టేసి కాలు చంపేశాడని ఊరంతా శాస్త్రి గారినే ఆడిపోసుకుంది. ఇంకో రెండు తన్నులు పడివుంటే బాగుపడేవాణ్ణని పోలయ్యే అన్నాడు. వారి గుమ్మానికి రోగులు తగ్గారు. నేను అందరి దగ్గరా తలాడించాను, మళ్ళీ వెళ్ళి వారి మజ్జిగే తాగాను.

ఒకనాడు ఉండబట్టలేక, "నా తన్నువల్లే కాలు పోయిందని చెప్పెయ్యకపోయారా?" అన్నాను.

"చెబితే వాడి కాలు వస్తుందా? నువ్వు ఇంకెవరినీ తన్నకు, చాలు."

తన్నలేదు. మానేసిన కారణం అడిగితే మోకాలు నొప్పన్నాను.

శాస్త్రి గారి కర్మ జరిగిన రోజున వారింటికి పోలయ్య కాలీడ్చుకుంటూ వచ్చాడు. ఇదంతా వాడికి చెప్పాను. వాడు తాను పడుకున్న ఆ ఖాళీ బల్లకేసి చూశాడు.

"ఆయనుండగా చెప్పవలసిందండి" అన్నాడు.

ఆ అరుగుకు మొక్కి వచ్చేశాను. నా తప్పు తెలిసీ నన్ను పక్కన కూర్చోబెట్టుకునే మనిషి ఇక నాకు లేడు.